గూడబాతు ముక్కు కట్టొద్దు: చెట్టు మీంచి పడిన పక్షికి తొలి సాయం

శ్రీకాకుళం జిల్లాలో కొంగలూ గూడబాతులూ (పెలికాన్లు) గూళ్లు కట్టే తేలినీలాపురం చింతచెట్ల కింద చలికాలంలో, కొంగలు గూళ్లు కట్టే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో వానాకాలంలో పక్షి పిల్లలు నేలన పడుతూనే ఉంటాయి. గాలికి గూడు ఊగినా, మేత కోసం పిల్లలు తోసుకున్నా చాలు. పడ్డ దెబ్బ కన్నా ఎత్తుకున్న చేతుల వల్ల జరిగే నష్టమే చాలాసార్లు ఎక్కువ. (ఊళ్లో సైబీరియా పక్షులంటారు గానీ ఎర్రకాళ్ల కొంగా గూడబాతూ మన దేశపు పక్షులే.)

కాళ్లు ముందుకు చాపి కూలబడింది
కాలు విరిగిందనుకుంటారు. కొంగపిల్ల మడమల మీద కూర్చోవడం మామూలే. మనం మోకాలనుకునేది దాని మడమ. ఒక కాలు పక్కకు తిరిగినా, వాచినా, వేళ్లు చల్లగా ఉన్నా అప్పుడు అనుమానించాలి. కాళ్లకు సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే జబ్బు కాదు, ఎండకు చల్లబడడానికి తన రెట్టే కాళ్ల మీద వేసుకుంటుంది.

నోరు తెరిచి ఆయాసపడుతోంది
గొంతు తోలు మాత్రమే టపటపా ఆడుతుంటే వేడి, నీడకు చేర్చండి. ప్రతి ఊపిరికీ తోక కూడా పైకీ కిందికీ ఊగుతుంటే ఊపిరి అందడం లేదని, లోపల దెబ్బో జబ్బో ఉండొచ్చు. ఇక ముట్టుకోకుండా చీకటి పెట్టెలో ఉంచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పొడుస్తుందని గూడబాతు ముక్కు గుడ్డతో బిగించేస్తారు. దాని ముక్కురంధ్రాలు పూడిపోయి ఉంటాయి, ఊపిరి నోటితోనే. కట్టక తప్పకపోతే దవడల మధ్య వేలెడు లావు పుల్ల అడ్డం పెట్టి, సందు వదిలి కట్టండి. కొంగకు రంధ్రాలున్నాయి, ముక్కు చేత్తో పట్టుకోవచ్చు. అది కళ్లకే గురిపెడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

రెక్క వేలాడుతోంది
రెక్కను సహజంగా ముడిచి, ఈకలకు కాక తనకు తానే అంటుకునే బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. భుజం దగ్గర విరిగితే ఒంటి చుట్టూ కూడా ఒక చుట్టు. అక్కడే తప్పు జరుగుతుంది: పక్షి రొమ్ము ఎముకను కదిలిస్తూనే ఊపిరి తీస్తుంది, గట్టిగా బిగిస్తే ఊపిరాడదు. పట్టీ కింద వేలు దూరాలి. ఎముక బయటికి కనిపిస్తే లోపలికి నెట్టకండి, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

చేప పెడితే కక్కేస్తోంది
బెదురు. పెట్టెకు గుడ్డ కప్పి, మనుషులు పక్కకు తప్పుకుని గంట ఆగితే చాలాసార్లు తగ్గుతుంది. రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతుంటే మాత్రం ఎన్నో రోజుల ఆకలి. ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే చేప. నీళ్లు నోట్లో పోయకండి, నాలుక మొదట్లోనే గాలిగొట్టం రంధ్రం ఉంటుంది. చిన్న పరిగె చేప కడుపులోకి సిరంజితో 2, 3 మి.లీ. ఓఆర్‌ఎస్ ఎక్కించి, నీళ్ల తొట్టిలో వేసి వదిలేయండి. జెల్ల అయితే ముళ్లు కత్తిరించాలి. ఉప్పుచేప, అన్నం, పాలు వద్దు.

గేలం గుచ్చుకుంది
లాగితే గేలం మొన దగ్గరి ఎదురు ముల్లు మాంసాన్ని చీల్చేస్తుంది. మొన ముందుకు తోసి బయటికి రప్పించి, ముల్లు కత్తిరించాక వెనక్కి తీయాలి. మింగేసి ఉంటే దారం బయట కొంత వదిలేయండి, వైద్యుడికి అదే ఆనవాలు.

దెబ్బలేని పిల్లను, గూడు అందితే, తిరిగి గూట్లోనే పెట్టించాలి. నేలన ఉన్న పిల్లకు తల్లి సాధారణంగా మేత తేదు. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి. ఒకేచోట పక్షులు గుంపుగా చచ్చి ఉంటే దేన్నీ ముట్టకుండా కబురు పెట్టండి. విశాఖ దాకా తీసుకెళ్లాల్సి వస్తే ఎత్తైన పెట్టె చూసుకోండి. పొడవాటి కాళ్లు మడిచి చాలాసేపు కూర్చోబెడితే ప్రయాణంలోనే కండరం దెబ్బతిని, దిగాక కొంగ నిలబడలేకపోవచ్చు.