నవలానాయికపై స్త్రీవాద విమర్శ రాయడం ఎలా?

ఈ పనికి నవల పూర్తి ప్రతి, ఒక పెన్సిలు చాలు. సంక్షిప్త ప్రతులతో, సినిమా చూసిన జ్ఞాపకంతో విమర్శ రాయకూడదు. ఉదాహరణకు షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రచురించిన ‘జేన్ ఐర్’ అనే ఆంగ్ల నవలను తీసుకుందాం. ఇందులో నాయిక జేన్ తన కథను తానే చెబుతుంది. ఒకసారి కథ కోసం చదివి పక్కన పెట్టండి.

రెండవసారి చదివేటప్పుడు మొదట డబ్బు ప్రస్తావనలన్నీ గుర్తించండి. లోవుడ్ పాఠశాలలో జేన్ జీతం ఏడాదికి 15 పౌండ్లు, తరువాత ఇంటి ఉపాధ్యాయినిగా చేరిన రోచెస్టర్ అనే సంపన్నుడి భవనం థార్న్‌ఫీల్డ్‌లో 30. పినతండ్రి ఆస్తి 20,000 పౌండ్లు చేతికి వస్తే ముగ్గురు బంధువులతో సమంగా పంచుకుని, ఆ తరువాతే ఆమె, తాను ప్రేమించి విడిచి వచ్చిన రోచెస్టర్ దగ్గరకు తిరిగి వెళుతుంది. ప్రేమకథలో ఈ లెక్కలెందుకని అడిగేవారు, పెళ్లయిన స్త్రీ చేతి సొమ్ము భర్త పరమయ్యే నాటి ఇంగ్లండు చట్టాన్ని గుర్తు చేసుకోవాలి.

అసలు కష్టం కథ చెబుతున్న జేన్‌ను, కథలోని జేన్‌ను విడదీయడంలో ఉంది. చాలా వ్యాసాలు ఇక్కడే చెడిపోతాయి. నాయిక ధైర్యవంతురాలా, లొంగిపోయిందా అని మార్కులు వేసే పద్ధతి ఎంత ప్రచారంలో ఉన్నా, అది నడవడికకు ఇచ్చే ధ్రువపత్రమే తప్ప విమర్శ కాదు. కథ చెప్పే జేన్‌కు అప్పటికి పెళ్లయి పదేళ్లు. ఆమెకు అన్నీ తెలుసు. అయినా 12వ అధ్యాయంలో, స్త్రీలకూ పురుషులలాగే అనుభూతులుంటాయని వాదించిన వెంటనే మేడ మీద వినిపించే నవ్వును పనిమనిషి గ్రేస్ పూల్‌దిగానే రాస్తుంది. ఆ నవ్వు నిజానికి, పిచ్చిదని చెప్పి రోచెస్టర్ ఆ మేడ మీదే రహస్యంగా బంధించిన అతని భార్య బెర్తాది. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో ఈ మలుపును లోపంగా పరిగణించారు కానీ, నా దృష్టిలో నవలలో అత్యంత విలువైన చోటు ఇదే. స్వేచ్ఛ కోరే మాటల పక్కనే బందీ అయిన మరో స్త్రీ గొంతు పేరు మార్చుకుని వినిపిస్తోంది. 26వ అధ్యాయంలో బెర్తాను చూసినప్పుడు మనిషో మృగమో తేల్చుకోలేకపోయానని రాసేదీ జేనే. బెర్తా గతాన్ని మనకు వివరంగా చెప్పేది, ఆమెను బంధించిన భర్త. కాబట్టి ప్రతి వాక్యం పక్కన అది ఎవరి మాటో, ఆ మాట అన్ననాటికి వారికి ఏమి తెలుసో రాసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే. దీనిని దాటవేస్తే రోచెస్టర్ వాదనను మీరే మోస్తారు.

ఇతరుల విమర్శలను ఈ గుర్తులు పూర్తయ్యాకే తెరవండి. బెర్తాలో జేన్ అణచుకున్న ఆగ్రహాన్ని చూసిన స్త్రీవాద విమర్శకులు గిల్బర్ట్, గూబార్‌ల 1979 నాటి గ్రంథాన్నీ, జమైకా నుంచి వచ్చిన బెర్తాను సామ్రాజ్యవాదం వెలుగులో చదివిన విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985 నాటి వ్యాసాన్నీ పక్కపక్కన ఉంచి, మీ గుర్తులు ఏ వాదనకు ఎక్కడ సరిపోవడం లేదో అక్కడి నుంచి వ్యాసం మొదలుపెట్టండి.