రెండో మానిటర్‌పై అక్షరాలు అలుక్కుపోతే

పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో రచయిత పంపిన మూలప్రతి, పక్కనున్న 24 అంగుళాల మానిటర్‌పై కూర్చిన పేజీలు. రెంటినీ పోల్చుకుంటూ చదువుతాను. ఆ మానిటర్ కొత్తది కాదు, తెలిసినవాళ్లు ఆఫీసు ఖాళీ చేస్తూ ఇచ్చారు. తగిలించిన మొదటి వారంలోనే ‘అర్ధ శతాబ్దం’ అని ఉండవలసిన చోట ‘అర్థ శతాబ్దం’ నా కళ్లు దాటిపోయింది. థ వత్తు లోపలి చుక్క ఆ తెరపై కనబడనే లేదు. అప్పుడు వెతికితే తెలిసింది: అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు (1920×1080) చూపవలసిన మానిటర్ 1024×768 దగ్గర ఆగిపోయింది. సెట్టింగ్స్ జాబితాలో అంతకన్నా పెద్ద అంకె లేనే లేదు.

ఎల్‌సీడీ తెరకు పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, తయారీలోనే అమరి ఉంటాయి. కంప్యూటర్ అంతకన్నా తక్కువ రిజల్యూషన్ (చుక్కల లెక్క) పంపితే ఉన్న బొమ్మనే సాగదీసి తెర నింపుతుంది. ముందు దెబ్బతినేవి మన వత్తులు, గుడిదీర్ఘాలు. మీ మానిటర్ సంగతి తేల్చుకోవడానికి ఒక తెలుగు సున్నను (ం) పెద్దగా టైపు చేసి చూడండి. గుండ్రంగా ఉండవలసిన సున్న అడ్డంగా సాగి కనిపిస్తే రిజల్యూషన్ తప్పినట్టే. తర్వాత మానిటర్‌కే ఉన్న మెనూ బటన్ నొక్కి సమాచారం పేజీ తెరవండి. నిజంగా ఏ రిజల్యూషన్ వచ్చి చేరుతోందో అక్కడ ఉంటుంది. కంప్యూటర్ చెప్పే అంకె కన్నా నేను దీన్నే నమ్ముతాను.

ఇక విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే వరకు వెళ్లండి. పైన 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. చాలామంది 2ను ఎంచుకోకుండానే అంకె మార్చి, మారింది ల్యాప్‌టాప్ తెర అని ఆలస్యంగా గ్రహిస్తారు. ఏది ఏదో తెలియకపోతే ‘ఐడెంటిఫై’ నొక్కండి. అక్కడే ఉండే స్కేల్ వేరు, రిజల్యూషన్ వేరు. స్కేల్ అక్షరం పరిమాణాన్ని మార్చుతుందే తప్ప తెరకు వెళ్లే పిక్సెళ్ల సంఖ్యను మార్చదు.

రెండు తెరలపైనా ఒకే బొమ్మ వస్తోందా? అప్పుడు విండోస్ రెంటికీ కుదిరే రిజల్యూషన్ వెతుకుతుంది. ల్యాప్‌టాప్ 1366×768 అయితే పెద్ద మానిటర్ కూడా అక్కడే ఆగవచ్చు. విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే సరిపోతుంది.

నా విషయంలో ఇవేవీ కావు. ఫోనులో సలహా అడిగిన ప్రతివారూ తప్పు డ్రైవర్‌దే అన్నారు. విండోస్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ నడుమ మాట కలిపే సాఫ్ట్‌వేర్ అది. ఒక సాయంత్రమంతా డ్రైవర్ తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీశాను. ఆ పని చేసే ముందు డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల కింద ఏ పేరుందో చూడాలని అప్పట్లో నాకు తెలియదు. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు డ్రైవర్ లేనట్టు. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చినది వేసుకోండి. గ్రాఫిక్స్ చిప్ పేరు సరిగానే ఉంటే డ్రైవర్‌ను కాసేపు వదిలి కేబుల్ వైపు చూడండి.

కేబుల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మానిటర్ తగిలించగానే అది తన వివరాలు కంప్యూటర్‌కు పంపుతుంది: తయారీదారు, పరిమాణం, ఏయే రిజల్యూషన్లు చూపగలదు. ఈ పరిచయ పత్రాన్ని ఈడీఐడీ అంటారు. మూల భాగం 128 బైట్లే. అది అందకపోతే కంప్యూటర్‌కు మానిటర్ ఎవరో తెలియదు, అందుకని ప్రమాదం లేని చిన్న రిజల్యూషన్లే జాబితాలో పెడుతుంది. మానిటర్లకు వాడే పాత రకం 15 పిన్నుల వీజీఏ కేబుల్‌లో ఈ సమాచారం నడిచేది 12, 15 పిన్నుల మీద. రంగులు మోసే పిన్నులు వేరు. అందుకే బొమ్మ చక్కగా వస్తూనే ఉంటుంది, వివరాలు మాత్రం చేరవు.

కేబుల్ కొనను వెడల్పు అంచు పైకి ఉండేలా మీ వైపు తిప్పుకుని చూడండి. కింది వరుసలో ఎడమ నుంచి రెండోది 12, చివరిది 15. మధ్య వరుసలో 9వ పిన్ చాలా కేబుళ్లకు ఉండదు, అది లోపం కాదు. నా కేబుల్‌లో 12వ పిన్ లోపలికి ఒరిగిపోయి ఉంది. మానిటర్‌తో పాటే వచ్చిన పాత కేబుల్ అది.

కొత్త కేబుల్ కోసం మెట్రోలో పరేడ్ గ్రౌండ్ వరకు వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. నా ల్యాప్‌టాప్‌కు కొత్త రకం హెచ్‌డీఎంఐ సాకెట్, మానిటర్‌కు వీజీఏ సాకెట్ మాత్రమే ఉన్నాయి. నడుమ ఒకదాన్ని ఇంకొకదానికి మార్చే చిన్న కన్వర్టర్ ఉంది. దుకాణంలోని కుర్రవాడు ముందు ‘‘మేడమ్, రెండు వైపుల సాకెట్ల ఫోటోలు ఉన్నాయా?’’ అని అడిగాడు. ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. మీరూ తీసుకునే వెళ్లండి. కన్వర్టర్ కూడా ఈడీఐడీని దాటించాలి. కొత్త కేబుల్‌తోనూ జాబితా పెరగకపోతే అనుమానం దాని మీదికే వెళ్లాలి. కేబుల్ దారిలో స్ప్లిటర్ (ఒక బొమ్మను రెండు తెరలకు పంచే డబ్బా), స్విచ్ లాంటివి ఉంటే తీసేసి నేరుగా కలపండి. కేబుల్ మార్చేటప్పుడు మానిటర్ ప్లగ్ కూడా గోడ నుంచి తీసి, కొన్ని నిమిషాలాగి పెట్టండి.

కొత్త కేబుల్ పెట్టగానే 1920×1080 జాబితాలోకి వచ్చింది. మీకు రాకపోతే ‘అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే’లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి ‘లిస్ట్ ఆల్ మోడ్స్’ చూడండి. ఒక్కోసారి కావలసినది అక్కడ దొరుకుతుంది. ఎంచుకున్నాక తెర నల్లబడినా కంగారు పడకండి. ఏమీ నొక్కకపోతే 15 సెకన్లలో పాతదే తిరిగి వస్తుంది. మానిటర్ 3840×2160ది అయితే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు సెకనుకు 30 ఫ్రేములే ఇవ్వగలదు, మౌస్ ఈడుస్తున్నట్టు ఉంటుంది. అది చెడిపోవడం కాదు, పోర్టు పరిమితి.

వీజీఏ వాడేవాళ్లకు ఇంకొక పని ఉంది. రిజల్యూషన్ కుదిరాక తెరనిండా ఒక పేజీ తెరిచి ఉంచి, మానిటర్ మీది ‘ఆటో’ బటన్ ఒకసారి నొక్కాలి, బొమ్మ తెరకు సరిగ్గా కుదురుకుంటుంది. ఆ తర్వాత విండోస్ వెతుకులాట పెట్టెలో ‘క్లియర్‌టైప్’ అని టైపు చేసి, అక్షరాల స్పష్టతను సర్దే ఆ పనిముట్టు చూపే నమూనాల్లో మీ కంటికి స్పష్టంగా ఉన్నవాటిని రెండో తెర మీదే ఎంచుకోండి. నేను అవి ముగించి పాత పేజీనే మళ్లీ తెరిచాను. థ వత్తు లోపలి చుక్క కనిపించింది.