కోసేసిన పాత మిలిటరీ రైఫిల్: మళ్లీ పాత రూపానికి తేవాలా, వద్దా?

పాత మిలిటరీ రైఫిళ్లను వేటకు వీలుగా కోసేసి మార్చినవి చాలా ఉన్నాయి. అలాంటిది మీ చేతికొస్తే ముందు చూడాల్సింది చెక్క కాదు, బ్యారెల్ (తూటా బయటికెళ్లే గొట్టం). రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ (బ్యారెల్‌ని వెనక నుంచి మూసే, పిడి ఉన్న కడ్డీ) మూసి, మూతి లోంచి సన్నటి చెక్క పుల్ల బోల్ట్‌కి తగిలేదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టి కొలవండి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3కి దాదాపు 25.2 అంగుళాలు, స్ప్రింగ్‌ఫీల్డ్ 1903కి 24 రావాలి. తక్కువొస్తే బ్యారెల్ కోసేశారన్నమాట.

తర్వాత రిసీవర్, అంటే బ్యారెల్ బిగించి, బోల్ట్ కదిలే లోహపు భాగం. స్కోప్ కోసం పైన రంధ్రాలు వేసి ఉంటే, పూడ్చినా ఆ మచ్చ దాగదు, నేనైతే అక్కడే ఆగిపోతాను. బ్యారెల్, రిసీవర్ రెండూ చెక్కుచెదరకుండా ఉండి, ముందు చెక్క మాత్రమే కోసి ఉంటే తప్పకుండా బాగు చేయండి, అలాంటివి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ అయితే బోల్ట్ పిడి వెనక ఉన్న సీరియల్ నంబరు రిసీవర్ నంబరుతో కలుస్తోందా చూడండి, కలిస్తే ఇంకా మంచిది.

ఖర్చు మాత్రం మొదలుపెట్టకముందే లెక్కేసుకోవాలి, ఎందుకంటే చెక్క, బ్యాండ్లు, సైట్లు, స్క్రూలు ఒక్కొక్కటిగా కొంటూ పోతే మొత్తం కలిపి అసలు రైఫిల్ ధర దాటిపోవడం మామూలే.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో తయారైన 1903 మోడల్ రైఫిల్ సీరియల్ నంబరు 8,00,000 లోపుంటే రిసీవర్ పెళుసుగా ఉండొచ్చు, దాన్ని పేల్చొద్దు, గోడకే ఉంచండి. మిగతావైనా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం, చూశాకే కాల్చండి.

ఇంకొకటి: గ్రిఫిన్ అండ్ హౌ (అమెరికా తుపాకుల తయారీ సంస్థ) లాంటి పేరున్న వాళ్లు మలిచిన స్పోర్టర్, అంటే వేట రైఫిల్‌గా మార్చినది, అయితే దాన్ని అలాగే వదిలేయండి, అది దానికదే ఓ పనితనం.