సీడీ రిప్పింగ్‌లో తేడా వస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

సీడీలోని పాటను కంప్యూటర్ ఫైలుగా తీసుకోవడమే రిప్పింగ్. అలా రిప్ చేసిన పాట బాగా లేదనగానే అందరూ ఫార్మాట్ మీద పడతారు. ధ్వనిలో కొంత కోసి దాచే ఎంపీ3 తీసేసి, ఏమీ కోయని ఫ్లాక్ పెడతారు, 16 బిట్ తీసేసి 24 బిట్ పెడతారు. ఆడియో సీడీలో ఉన్నదే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, రెండు చానళ్లు. దాన్ని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని సెట్ చేస్తే ఫైలు ఉబ్బుతుంది తప్ప పాటలోకి కొత్తగా వచ్చి చేరేదేమీ లేదు. 44.1, 16 అన్న రెండు అంకెలూ కదపకండి. ధ్వని మట్టాన్ని మార్చే నార్మలైజ్ అన్న టిక్ ఉంటే తీసేయండి. ఫార్మాట్ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సినవి రెండే: ఆ డిస్కు ఏ రకం, డ్రైవ్ దాన్ని సరిగ్గా చదివిందా లేదా.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను, ఒక్క పాటా మోగడం లేదు

విండోస్‌లో డిస్కు తెరిచి ఫైళ్ల సైజు చూడండి. పేరు చివర సీడీఏ అని ఉండి ఒక్కోటి 44 బైట్లు ఉంటే అవి పాటలు కావు, పాట డిస్కులో ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు. వాటిని కాపీ చేసి లాభం లేదు, రిప్ చేయాల్సిందే. పేరు చివర ఎంపీ3 అని ఉండి ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటే అది ఎంపీ3 సీడీ. దాన్ని రిప్ చేయక్కర్లేదు, మామూలుగా కాపీ చేసుకుంటే చాలు. 80 నిమిషాల ఆడియో సీడీలో సినిమా పాటలు పదిహేను, పద్దెనిమిది మించి పట్టవు. కవరు మీద నూటయాభై పాటలని వేసి ఉంటే డిస్కు పెట్టకముందే రకం తెలిసిపోయినట్టే. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటూ కూర్చోవద్దని మనవి.

మధ్యలో టక్కుమంటోంది, గొంతు ఒక్క క్షణం జారిపోతోంది

చాలా ప్లేయర్లు డిస్కును ఒక్కసారే చదివి ఊరుకుంటాయి. గీత పడ్డ చోట డ్రైవ్ అటూ ఇటూ ఉన్న విలువలతో అంచనా వేసి ఖాళీ పూడ్చేస్తుంది, తప్పు జరిగిందని ఎవరికీ చెప్పదు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్ వాడండి. మూడూ ఉచితమే. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ ఎంచుకుని, డ్రైవ్ ఆడియోను క్యాష్ చేస్తుందన్న (చదివినదాన్ని తన మెమరీలో దాచుకుని మళ్లీ అదే ఇస్తుందన్న) టిక్ పెట్టండి. సీ2 (తప్పు చదివిన చోటును డ్రైవే చెప్పే ఏర్పాటు) టిక్ తీసేయండి. సీ2 తప్పుల్ని నమ్మకంగా చెప్పని డ్రైవ్‌లు చాలా ఉన్నాయి.

తర్వాత టెస్ట్ అండ్ కాపీ నొక్కండి. ప్రతి పాటనూ రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీలు, అంటే చదివిన డేటా నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకెలు, చూపిస్తుంది. రెండూ ఒకటైతే ఆ పాట చదవడం స్థిరంగా జరిగినట్టు. యాక్యురేట్‌రిప్‌లో మీ డిస్కు లేదని వస్తే బెంగపడకండి. అది ఇతరులు చేసిన రిప్‌లతో పోల్చి చూసే పట్టిక, మన తెలుగు డిస్కులు చాలా వరకు అందులో దొరకవు. అందుకే మనకు రెండు సీఆర్‌సీలూ కలవడమే ముఖ్యం.

సీఆర్‌సీలు కలవకపోతే డిస్కును మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. వేగం 8ఎక్స్‌కో 4ఎక్స్‌కో తగ్గించండి. యూఎస్‌బీ స్లిమ్ డ్రైవ్ అయితే హబ్ తీసేసి కంప్యూటర్ వెనక పోర్టులో నేరుగా పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు కొన్ని డ్రైవ్‌లకు అది చాలదు. అప్పటికీ లొంగకపోతే డ్రైవ్ మార్చి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని గీతను మరొకటి చదివేస్తుంది. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో కంప్యూటర్ రిపేరు షాపులో అడిగి పాత డెస్క్‌టాప్ డీవీడీ రైటర్ ఒకటి సంపాదించుకుంటే ఈ పనికి బాగా అక్కరకొస్తుంది.

రెండు డ్రైవ్‌ల్లోనూ అదే సెకనులో అదే టక్కు వస్తోందంటే అది చాలావరకు మాస్టర్‌లోనే, అంటే సీడీలు అచ్చుపోసిన మూల రికార్డింగులోనే ఉంది. గ్రామఫోను రికార్డు నుంచి సీడీకి ఎక్కించిన పాటల్లో ఇది మామూలే.

ఫ్లాక్‌లో పెట్టాను, లాగ్‌లో (రిప్ నివేదికలో) ఒక్క తప్పూ లేదు, అయినా పాట చప్పగా ఉంది

అందర్నీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. సీఆర్‌సీలు కలుస్తాయి. డిస్కు మీద గీత ఉండదు. ఫైళ్లు సీడీఏలే. కానీ గజ్జెలు, తాళాలు నీళ్లలో మోగినట్టు ఉంటాయి, గాయని పలికే స, ష అక్షరాలు గరగరలాడతాయి. హెడ్‌ఫోన్ మార్చినా, ఎన్‌కోడర్ (పాటను ఫైలుగా కుదించే ప్రోగ్రాం) మార్చినా అంతే.

కారణం డిస్కులోనే ఉంటుంది. ఎంపీ3 ఫైళ్లను నీరో లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆడియో సీడీగా రైట్ చేస్తే, అది ఎంపీ3లను విప్పి మామూలు సీడీ ట్రాకులుగా రాస్తుంది. అప్పటికే తెగిపోయిన ధ్వని తిరిగి రాదు. ఇప్పుడు మీ రిప్పింగ్ సాఫ్ట్‌వేర్ ఆ డిస్కును ఒక్క బిట్టు పొల్లుపోకుండా చదువుతుంది, ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్టు పోకుండా దాస్తుంది. నష్టం లేకుండా దాచింది ఎప్పుడో నష్టపోయిన పాటను. పరీక్షలన్నీ నెగ్గుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాటల జాబితా ఇస్తే కోరినవి సీడీ మీద ఎక్కించి ఇచ్చిన డిస్కులు, పెళ్లిళ్లలో పంచినవి, బంధువులు రాసిచ్చినవి, ఇవన్నీ ముందు అనుమానించాల్సినవే.

పట్టుకోవడం కష్టం కాదు. డిస్కు తిరగేసి చూడండి. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కు అడుగు తెల్లటి వెండి రంగులో ఉంటుంది. రైట్ చేసిన సీడీ ఆకుపచ్చగానో, నీలంగానో, లేత బంగారు రంగులోనో మెరుస్తుంది, రాసిన భాగం ముగిసిన చోట వలయంలాంటి గీత కనిపిస్తుంది. ఇంకో ఆనవాలు: రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటల మధ్య గ్యాప్‌లు వెతికిస్తే ప్రతి పాటకూ సరిగ్గా రెండు సెకన్లే వస్తుంది. రైటింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే విరామం అది.

ఇక అన్నింటికంటే గట్టి పరీక్ష స్పెక్ట్రమ్, అంటే పాటలో ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో రంగుల్లో చూపే బొమ్మ. స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలోకి ఫ్లాక్ ఫైలును లాగి వదలండి. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ చూసినా సరే. ఈ కాలపు రికార్డింగు అసలు సీడీ అయితే రంగు 20 కిలోహెర్ట్జ్ దాటి 22 దగ్గరిదాకా పోతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నుంచి వచ్చినదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా ఆగిపోతుంది, పైనంతా నలుపే. 192 అయితే 18, 19 ప్రాంతంలో, 320 అయితే 20 ప్రాంతంలో ఆగుతుంది. ఒక్క పాటతో తేల్చకండి. సంకలనాల్లో సగం పాటలు బాగుండి సగం ఇలా ఉండొచ్చు. గజ్జెలో తాళాలో గట్టిగా వినిపించే పాటలు మూడు, నాలుగు చూడండి.

ఇక్కడే పాత పాటలకు అన్యాయం జరుగుతుంది, జాగ్రత్త. 1950లు, 60ల నాటి రికార్డింగుల్లో 8, 10 కిలోహెర్ట్జ్ పైన అసలే ధ్వని పలచన. స్పెక్ట్రమ్‌లో రంగు మెల్లగా వాలుతూ మసకబారుతుంది, పైన టేపు బుస సన్నగా చివరిదాకా కనిపిస్తుంది. ఎంపీ3లో ఆ బుస కూడా గీత దగ్గరే తెగిపోతుంది. వాలుగా తగ్గితే కాలం పనితనం, గోడలా ఆగితే ఎన్‌కోడర్ పనితనం. అలాగే ఫ్లాక్ బిట్‌రేట్ 400 కేబీపీఎస్సే చూపిస్తోందని నకిలీ అనుకోకండి. మోనో పాటలో ఎడమ, కుడి ఒకటే కాబట్టి ఫ్లాక్ దాన్ని దాదాపు సగానికి కుదించేస్తుంది.

పరిష్కారం ఒకటే, అచ్చుపోసిన అసలు డిస్కు వెతకడం. ఈక్వలైజర్‌తో హైస్ (పై స్థాయి ధ్వనులు) పెంచితే గరగర పెరుగుతుంది తప్ప గజ్జెలు తిరిగి రావు. అసలుది ఎక్కడా దొరకని పాటైతే ఉన్నదాన్ని ఫ్లాక్‌లోనే ఉంచండి, కామెంట్ ట్యాగులో ఎంపీ3 నుంచి వచ్చిందని రాయండి. దాన్ని మళ్లీ ఎంపీ3 చేస్తే రెండో కోత పడుతుంది. ఆ సీడీ తయారైన అసలు ఎంపీ3 ఫైళ్లే మీ దగ్గరుంటే అవే మేలు, రిప్‌ను చెరిపేయవచ్చు.

కారు స్టీరియోలో మోగడం లేదు

విండోస్ మీడియా ప్లేయర్ పాత వెర్షన్లు మీరు మార్చకపోతే డబ్ల్యూఎంఏ అనే మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌లో రిప్ చేస్తాయి, చాలా స్టీరియోలు దాన్ని ముట్టవు. ఇంట్లో భద్రపరిచేది ఫ్లాక్, కుదింపు లెవెల్ 5, వెరిఫై టిక్‌తో. లెవెల్ 8 పెట్టినా నాణ్యత అదే, ఫైలు కొంచెం తగ్గుతుంది, సమయం పెరుగుతుంది. గంట నిడివి డిస్కు కుదించని వేవ్‌లో 600 ఎంబీ, ఫ్లాక్‌లో సాధారణంగా 300 నుంచి 400. కారుకి ఆ ఫ్లాక్‌ల నుంచి లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌తో వీ0 లేదా వీ2 నాణ్యతలో ఎంపీ3లు చేసుకోండి. వీ2 సుమారు 190 కేబీపీఎస్, కారు ఇంజిన్ చప్పుడులో అది చాలు. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ అయి ఉందో లేదో కూడా చూడండి.

కచేరీ మధ్యలో తెగుతోంది

రాగం, తానం, పల్లవి వేర్వేరు ట్రాకులుగా ఉన్న కచేరీ సీడీల్లో ట్రాకు మారేచోట చిన్న ఖాళీ వినిపిస్తుంది. ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ముక్కలుగా నింపుతుంది, మొదట్లో, చివర్లో మిగిలిన చోట నిశ్శబ్దం చేరుస్తుంది. ఫ్లాక్‌లో ఈ బాధ లేదు. కారు కోసమైతే ఆ మూడు ట్రాకులనూ కలిపి ఒకే ఎంపీ3 చేయండి.

పాటల పేర్లు రావడం లేదు, లేదా డబ్బాలు కనిపిస్తున్నాయి

పాటల పేర్లు అందించే ఫ్రీడీబీ సర్వరు 2020లో మూతపడింది. పాత సెట్టింగులో ఇంకా అదే ఉంటే అదే పని చేసే జీన్యూడీబీకి మార్చండి. తెలుగు పేర్లకు ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో ట్యాగు రకం ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16 ఎంచుకోండి. ఫోన్‌లో సరిగ్గా కనిపించి కారులో డబ్బాలు వస్తే ఆ స్టీరియోలో తెలుగు ఫాంటు లేదు. కారు కాపీలో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడం తప్ప దారి లేదు.

అరుదైనవి

1980ల నాటి కొన్ని విదేశీ డిస్కులు ప్రీ ఎంఫసిస్‌తో, అంటే పై స్థాయి ధ్వనులను కావాలని పెంచి, వచ్చాయి. రిప్ చెవులు గుచ్చేంత పదునుగా ఉంటే డీ-ఎంఫసిస్ ఫిల్టరు వేయాలి. డ్రైవ్ ఆఫ్‌సెట్ (ట్రాకు మొదలును డ్రైవ్ కాస్త ముందో వెనకో చదవడం) కొన్ని వందల శాంపిళ్ల తేడా, సెకనులో కొన్ని వందో వంతులు కూడా కాదు, వినిపించదు. కాపీ ప్రొటెక్షన్ ఉన్న 2000ల నాటి డిస్కు మొరాయిస్తే డ్రైవ్ మార్చి చూడండి, చాలా సార్లు అంతటితో తేలిపోతుంది.