టామ్‌క్యాట్ ఫొటో చూసి అది ఏ, బీ, డీల్లో ఏదో చెప్పడం ఎలా

అమెరికా నేవీ యుద్ధవిమానం ఎఫ్-14 టామ్‌క్యాట్ ఫొటో కనబడగానే అందరి కళ్లూ ముందు తోక మీది బొమ్మ దగ్గరికే పోతాయి. పుర్రె ఉంటే జాలీ రోజర్స్ స్క్వాడ్రన్ (విమానాల దళం) అనేస్తారు, బాంబు పట్టుకుని పరిగెత్తే పిల్లి ఉంటే టామ్‌క్యాటర్స్ స్క్వాడ్రన్ అనేస్తారు, అక్కడితో ఆగిపోతారు. మీరు మాత్రం ఆ బొమ్మను చివరికి ఉంచండి. ముందు విమానం వెనకవైపుకి వెళ్లి ఇంజన్ నాజిల్, అంటే వేడి గాలి బయటికి వచ్చే మూతి చూడండి. రంగులు ఎన్నిసార్లైనా వేస్తారు, బొమ్మలు ఒక స్క్వాడ్రన్ నుంచి ఇంకో స్క్వాడ్రన్‌కి వెళ్లిపోతాయి కూడా, ఇంజన్ మార్చడం మాత్రం అంత తేలిక పని కాదు.

ముందు కొంచెం నేపథ్యం. గ్రుమ్మన్ కంపెనీ తయారు చేసిన ఈ విమానం 1970 డిసెంబర్ 21న మొదటిసారి ఎగిరింది, అమెరికా నేవీ దీన్ని 2006 సెప్టెంబర్ 22న రిటైర్ చేసింది. మొత్తం 712 తయారయ్యాయి. పెద్ద రకాలు మూడు: టీఎఫ్30 ఇంజన్లతో వచ్చిన ఏ, ఆ తర్వాత ఎఫ్110 ఇంజన్లు పెట్టిన బీ, అవే ఇంజన్లతో పాటు కొత్త రాడార్, కొత్త ఎలక్ట్రానిక్స్ వచ్చిన డీ. బీని మొదట్లో ఏ ప్లస్ అనేవాళ్లు, 1991లో పేరు మార్చారు, కాబట్టి పాత క్యాప్షన్లలో ఏ ప్లస్ అని ఉంటే కంగారు పడొద్దు.

ఇక నాజిల్. టీఎఫ్30 నాజిల్ రేకులు పొడుగ్గా, నున్నగా ఉంటాయి, మూసుకున్నప్పుడు పువ్వు మొగ్గలా చివరికి వచ్చేసరికి బాగా సన్నబడతాయి. ఎఫ్110 నాజిల్ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, రేకులు విడివిడిగా పట్టీలు పట్టీలుగా కనబడతాయి. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూస్తే చాలు, ఆ తర్వాత ఇక పొరబడరు. నేల మీద ఆగి ఉన్న ఎఫ్-14ఏలో తరచుగా ఒక నాజిల్ తెరుచుకుని, రెండోది మూసుకుని ఉంటుంది. మోడల్స్ కట్టేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా పట్టించుకుని రెండు నాజిళ్లనీ వేరువేరుగా పెడతారు, అలా పెట్టిన మోడల్ చూస్తే కట్టినవాళ్లు ఫొటోలు ఎంత శ్రద్ధగా చదివారో తెలిసిపోతుంది, నాకు చాలా ఇష్టమైన వివరం ఇది.

నాజిల్ సరిగ్గా కనబడకపోతే మంట చూడండి. క్యాటపల్ట్ (నౌక మీద నుంచి విమానాన్ని విసిరే యంత్రం) మీద నుంచి లేస్తున్న టామ్‌క్యాట్ వెనక రెండు పొడవాటి మంటలు ఉన్నాయంటే అది చాలావరకు ఎఫ్-14ఏనే. టీఎఫ్30కి బలం చాలక ఆఫ్టర్‌బర్నర్ వేసి, అంటే వెనక అదనంగా ఇంధనం మండించి లేచేవాళ్లు, ఎఫ్110 వచ్చాక మామూలుగా ఆ అవసరం లేకుండా పోయింది. ఎఫ్-14ఏని నేను ఎంతగానో ప్రేమిస్తాను కానీ ఆ ఇంజన్ విషయంలో మాత్రం వెనకేసుకు రాలేను. థ్రాటిల్‌ని కొంచెం గట్టిగా కదిపినా, గాలి సరిగ్గా లోపలికి పోకపోయినా కంప్రెసర్ స్టాల్ అయ్యేది, అంటే ఇంజన్ లోపల గాలి ప్రవాహం చెదిరిపోయేది, రెండు ఇంజన్లూ ఒకదానికొకటి దూరంగా ఉండటంతో ఒకటి ఆగితే విమానం పక్కకి గట్టిగా తిరిగిపోయేది. ఎఫ్110 కోసం పైలట్లు అంతగా ఎదురుచూసింది ఊరికే కాదు.

నాజిల్‌తో ఎఫ్-14ఏ సంగతి తేలిపోయింది. మిగిలింది బీనా డీనా అన్నదే, దానికి ముక్కు కిందికి రండి. అక్కడ గడ్డంలా వేలాడే చిన్న పాడ్ ఉంటుంది. 1980ల నుంచి ఎఫ్-14ఏల్లో, బీల్లో అది ఒక్కటే గొట్టం, దూరంగా ఉన్న విమానాన్ని చూడటానికి పెట్టిన టీవీ కెమెరా. డీలో దాని పక్కనే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ కూడా ఉంటుంది, అంటే జంట గొట్టాలు. ఎదురుగా తీసిన ఫొటో అయితే ఇక ఆలోచించక్కర్లేదు. పక్క నుంచి తీసిందైతే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, అప్పుడు కాక్‌పిట్ వైపు చూడండి: ఎఫ్-14ఏ, బీల్లో పాత మార్టిన్ బేకర్ ఎజెక్షన్ సీట్లు (ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేవి), వాటి తల పైభాగంలో పసుపు, నలుపు చారల లాగుడు పిడులు రెండు ఉంటాయి. డీలో కొత్త సీట్లు, తల మీద ఆ పిడులు ఉండవు. కనోపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) తెరిచి ఉన్న డెక్ ఫొటోల్లో, అంటే నౌక పైభాగం మీద తీసిన వాటిలో ఇది బాగా పనికొస్తుంది.

ఎఫ్-14ఏ అని తేలినా, అది ఏ కాలం నాటిదో తెలుసుకోవాలని ఉంటుంది కదా. ముక్కుకి ఎడమ పక్కన 20 ఎంఎం వల్కన్ గన్ ఉంటుంది, దాని దగ్గర గ్యాస్ బయటికి పోయే రంధ్రాలు చూడండి. తొలినాటి వాటిలో అడ్డపట్టీల జాలీలా ఉంటుంది, తర్వాతి వాటిలో దాని బదులు లోపలికి దిగిన రెండు త్రికోణపు గుంటలు వచ్చాయి. కుడివైపు ఫొటోలో ఇదేమీ దొరకదు, గన్ ఆ పక్కన లేదు. ముక్కు కింద టీవీ కెమెరా ఉంటే 1980ల్లోకి వచ్చామని అర్థం. కుడి రెక్క మొదట్లో లాంటర్న్ అనే లేజర్ పాడ్ వేలాడుతుంటే అది చాలావరకు 1996 లేదా ఆ తర్వాతి ఫొటో, అప్పటికి టామ్‌క్యాట్ బాంబులు కూడా వేస్తోంది, అభిమానులు బాంబ్‌క్యాట్ అని మురిపెంగా పిలుచుకునే కాలం అది. ఆరు ఫీనిక్స్ క్షిపణులతో ఉన్న ఫొటో దొరికితే దాచుకోండి, అది చాలావరకు పరీక్షల కోసమో ప్రచారం కోసమో తీసినదే అయ్యుంటుంది, ఎందుకంటే ఒక్కొక్కటి దాదాపు 450 కిలోల బరువు, ఆరింటినీ మోసుకుని తిరిగొచ్చి డెక్ మీద దిగడం మామూలుగా కుదరదు.

రెక్కలు రకం చెప్పవు, విమానం ఏం చేస్తోందో చెబుతాయి. టామ్‌క్యాట్ రెక్కలు ముందుకీ వెనక్కీ కదులుతాయి: గాల్లో 20 నుంచి 68 డిగ్రీల కోణం దాకా కంప్యూటరే వాటిని జరుపుతుంది, 75 డిగ్రీలు డెక్ మీద చోటు కలిసిరావడానికి మాత్రమే. ఒక రెక్క ముందుకి, ఒకటి వెనక్కి ఉండి ఎగురుతున్న ఫొటో కనబడితే ఫేక్ అని కొట్టిపారేయకండి, 1980ల మధ్యలో ఒక రెక్క ఇరుక్కుపోతే ఏమవుతుందో చూడటానికి గ్రుమ్మన్ నిజంగానే అలా ఎగరేసింది.

ఇప్పుడు రంగులకి రండి. పైన లేత బూడిద, కింద తెలుపు, తోక మీద ధగధగలాడే రంగులు ఉంటే 1970లు. ఆ తర్వాత మెరిసే బూడిద రంగు ఒంటినిండా వచ్చింది. 1980ల్లో మెల్లగా అన్నీ మసకబారిన బూడిద రంగులోకి దిగిపోయాయి, ఒక్కో స్క్వాడ్రన్‌లో ఒకటో రెండో విమానాలు మాత్రం పాత వైభవంతో మిగిలాయి. వాటిని గుర్తుపట్టడం సులువు: ముక్కు మీద మూడంకెల నంబర్ 100 లేదా 200 అయితే అది ఎయిర్ వింగ్ (ఒక నౌక మీది స్క్వాడ్రన్లన్నీ కలిసిన దళం) కమాండర్ పేరున ఉన్న విమానం, 101 లేదా 201 అయితే స్క్వాడ్రన్ కమాండర్‌ది. నిలువెల్లా నల్లగా మెరిసే టామ్‌క్యాట్ ఏ నౌకదీ కాదు, అది కాలిఫోర్నియాలోని పాయింట్ ముగూ స్థావరంలో ఉన్న పరీక్షల స్క్వాడ్రన్‌ది.

తోక మీది రెండక్షరాలు స్క్వాడ్రన్‌వి కావు, ఎయిర్ వింగ్‌వి, చాలామంది పొరబడేది ఇక్కడే. 'ఏ' అక్షరంతో మొదలైతే అట్లాంటిక్, 'ఎన్' అక్షరంతో మొదలైతే పసిఫిక్. టామ్‌క్యాటర్స్, అంటే వీఎఫ్-31 స్క్వాడ్రన్ ఒక్కటే చూడండి, ఆ పిల్లి బొమ్మ పక్కన ఏఈ ఉంటే 1980ల నాటి ఎఫ్-14ఏ, ఎన్‌కే ఉంటే 1992 తర్వాతి కాలం, ఏజే ఉంటే థియోడర్ రూజ్‌వెల్ట్ నౌక మీది ఆఖరి ప్రయాణం రోజులు. పుర్రె బొమ్మ ఇంకా గమ్మత్తైనది. వీఎఫ్-84 స్క్వాడ్రన్ దాన్ని ఏజే కోడ్‌తో, ఎఫ్-14ఏ విమానాల మీద మోసింది. 1995లో ఆ స్క్వాడ్రన్‌ని మూసేస్తే వీఎఫ్-103 ఆ పేరూ ఆ పుర్రే తీసుకుని బీ విమానాల మీద, ఏఏ కోడ్‌తో కొనసాగించింది. అందుకే నాజిల్‌ని ముందు చూడమన్నాను, క్యాప్షన్ ఏం రాసి ఉన్నా ఎఫ్110 నాజిల్ ఉన్న పుర్రె విమానం వీఎఫ్-84ది అయ్యే అవకాశం లేదు.

ఇసుక, గోధుమ, ఆకుపచ్చ రంగుల మచ్చలు ఉంటే చాలావరకు ఇరాన్. రాజు షా కాలంలో 79 టామ్‌క్యాట్లు అక్కడికి వెళ్లాయి, అన్నీ ఎఫ్-14ఏలే.

మ్యూజియంలో చూసేటప్పుడు రంగుని అసలు నమ్మకండి. దాతల కోరిక మీదో, ఊరి అభిమానం మీదో ఎప్పుడూ ఎగరని స్క్వాడ్రన్ రంగులు కూడా వేస్తుంటారు. అక్కడ కావాల్సింది బ్యూరో నంబర్, అంటే ప్రతి విమానానికీ నేవీ ఇచ్చే సొంత నంబర్, విమానం వెనక భాగంలో చిన్న అక్షరాల్లో ఉండే ఆరంకెలు. ఇరాన్‌కి విడిభాగాలు దొరక్కూడదని అమెరికాలో రిటైరైన టామ్‌క్యాట్లను చాలావాటిని ముక్కలు చేసేశారు, కాబట్టి మిగిలిన ప్రతి నంబరూ రాసి పెట్టుకోదగ్గదే. వర్జీనియాలోని ఉడ్వర్-హేజీ సెంటర్ మ్యూజియంలో ఉన్నదాన్ని తీసుకోండి. నాజిళ్లు ఎఫ్110, గడ్డం కింద జంట గొట్టాలు, అంటే డీ. నంబర్ చూస్తే 159610. కొత్తగా డీ గానే తయారైనవి 37, వాటి నంబర్లన్నీ 163, 164తో మొదలవుతాయి. 159 అంటే 1970ల్లో ఏ గా పుట్టి, తర్వాత డీ గా మార్చిన 18 విమానాల్లో ఒకటన్నమాట. ఆ నంబర్ పట్టుకుని వెనక్కి వెళితే 1989 జనవరి 4కి చేరతారు: అప్పుడిది వీఎఫ్-32లో, జాన్ ఎఫ్ కెనడీ నౌక మీద ఉన్న ఎఫ్-14ఏ విమానం, ఆ రోజు రెండు లిబియా మిగ్-23లను కూల్చిన జంటలో ఇదొకటి.