తేమ పీల్చిన ఫిల్మ్, జారిన పౌనఃపున్యం

పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్‌పై నేను తయారు చేసిన 10 గిగాహెర్ట్జ్ ప్యాచ్ యాంటెన్నా (పల్చని లోహపు పలక రూపంలోని యాంటెన్నా), పొడి వాతావరణంలో సరిగానే పనిచేస్తూ, తేమ పెరిగిన రోజుల్లో మాత్రం అనునాద పౌనఃపున్యం (అది ఉత్తమంగా పనిచేసే పౌనఃపున్యం) తగ్గిపోయి కనిపించేది. కనెక్టర్‌ను అనుమానించి రెండు రోజులు వృథా చేశాను. చివరకు ఫిల్మ్‌ను ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి వెంటనే కొలిస్తే, పౌనఃపున్యం మళ్లీ యథాస్థానానికి వచ్చింది. పొడి పాలిఇమైడ్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత శక్తిని నిల్వ చేస్తుందో చెప్పే సంఖ్య; ఇది పెరిగితే అనునాద పౌనఃపున్యం తగ్గుతుంది) సుమారు 3.4 కాగా, నీటిది ఈ పౌనఃపున్యం వద్ద కూడా 60 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, ఫిల్మ్ పీల్చుకునే రెండు శాతం తేమే స్థిరాంకాన్నీ, అంతకు మించి శక్తి నష్టాన్నీ పెంచుతుంది.

ప్రతిసారీ ఆరబెట్టడం పరిష్కారం కాదు. తేమను దాదాపుగా పీల్చుకోని లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ అనే మరో ప్లాస్టిక్‌కు మారాను. దాని స్థిరాంకం 2.9 మాత్రమే కనుక, అదే పౌనఃపున్యం రావడానికి ప్యాచ్ పొడవును తిరిగి లెక్కించి కాస్త పెంచవలసి వచ్చింది.