పండుగల సీజన్ ముందు ఊరి వాట్సాప్ గ్రూపులకు కొన్ని జాగ్రత్తలు

వినాయక చవితి వస్తోంది, తర్వాత నిమజ్జనం, ఆ వెనకే బతుకమ్మ, దసరా. నల్లగొండ అయినా పాలమూరు అయినా ఈ రోజుల్లో ఊరేగింపులు ఎక్కువ, డీజే దగ్గరో దారి దగ్గరో మాటా మాటా పెరగడమూ ఎక్కువే. అది అక్కడే పెద్దమనుషుల మధ్య సర్దుకుంటుందా, పక్క మండలం దాకా పోతుందా అనేది ఇప్పుడు చాలావరకు మన ఫోన్లే తేలుస్తున్నాయి, అందుకే ముందే రాస్తున్నా.

2018 ఎండాకాలం గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మెసేజ్‌లు వస్తే, గద్వాల వైపు ఊళ్లలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం ఆ ఉక్కలో తలుపులకు గడియ పెట్టుకుని లోపలే పడుకున్నారు. ఊళ్లకు వెళ్లిన కానిస్టేబుళ్లు ఇది చూసి చెబితే, అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును పెట్టించి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అవి పుకార్లని జనానికి చెప్పించారు. ఆమె చూసిన ఊళ్లలో ప్రాణాలు పోలేదు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను మూక కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని చంపారు, వాళ్లు భిక్షాటన చేసుకునే సంచార జాతి వాళ్లు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక కిడ్నాప్ వీడియో అసలు కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ని తిరిగి దింపేసే చివరి ముక్క కోసేసి పంపారు.

కాబట్టి గ్రూపు అడ్మిన్లు అందరికంటే ముందు చేయాల్సింది, ఊళ్లో టెన్షన్ మొదలైన గంటలోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చడం. ఎవరో అలుగుతారు, అలగనివ్వండి, రెండు రోజుల తర్వాత తెరవొచ్చు.

వాయిస్ మెసేజ్‌తో మరీ జాగ్రత్త. వీడియో అయితే బండి నంబరు, షాపు బోర్డు ఏ రాష్ట్రానివో చూడొచ్చు, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకొచ్చు. వాయిస్‌లో అవేవీ ఉండవు, పైగా మన యాసలోనే "అన్నా, మనోళ్లను కొడుతున్నరు, అందరు రాండ్రి" అని గొంతు వణికిస్తే మన ఇంటివాడే పిలిచినట్టు ఉంటుంది. అందులో మాట్లాడిన మనిషి పేరు, ఊరు, తారీఖు లేకపోతే అక్కడే ఆపేయండి. రెండు బాణాల గుర్తుతో వస్తే అది చాలాసార్లు ఫార్వర్డ్ అయి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలం, అదీ పంపకండి. నిజమేమో అనిపిస్తే ఆ ఊళ్లో ఉన్న బావకో మేనమామకో ఫోన్ చేసి "నువ్వు కళ్లతో చూసినవా, ఎవరన్నా చెప్పిన్రా" అని అడగండి, ఈ ప్రశ్నకే సగం పుకార్లు ఆగిపోతాయి.

టీవీ చూసేవాళ్లు కూడా ఒకటి గమనించండి, పది సెకన్ల క్లిప్‌నే గంటసేపు తిప్పి తిప్పి వేస్తే పది చోట్ల గొడవ అయినట్టు అనిపిస్తుంది. మూలన లైవ్ అని ఉందా, పాత దృశ్యాలని ఉందా చూడండి.

యూట్యూబ్ ఛానల్ నడిపే తమ్ముళ్లకు చేతులెత్తి మొక్కుతున్నా, గొడవ జరుగుతుండగా లైవ్ పెట్టకండి. కొట్టడానికి వచ్చేవాళ్లకు అదే దారి చూపిస్తుంది. ముంబై దాడుల లైవ్ ప్రసారాలను 2012లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది, అంత పెద్ద ఛానళ్లకే తప్పలేదు. దెబ్బలు తిన్నవాళ్ల ముఖాలు చూపించకండి, పోలీసులు చెప్పకముందే కులం, మతం థంబ్‌నెయిల్‌లో రాయకండి.

రెచ్చగొట్టే మెసేజ్ కనిపిస్తే డిలీట్ చేసేముందు నంబరు, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి మీ స్టేషన్‌కు ఇవ్వండి, ఎక్కడైనా మూక పోగవుతుంటే 112కు కొట్టండి. నెట్ ఆపేసినా మామూలు కాల్స్ పోయే అవకాశం ఉంటుంది కాబట్టి సర్పంచ్, ఎస్సై, అవతలి వీధి పెద్దమనిషి నంబర్లు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి మండపం కమిటీ దగ్గర పెట్టండి.